తీగ ఎంత మోయును?



ఒక ఎడ్లబండి ఎన్ని బస్తాల ధాన్యము మోయునని పట్టణమునుండి వచ్చిన కుర్రవాడెవడైన మిమ్ము అడిగినచో మీరు వెంటనే ఒక అంకె చెప్పరు. ఏ దారిని పోవలెను? మెట్టదారియా, కాలువగట్టా, లేక వాన పడిన తరువాతి రేగడినేలయా? ఎడ్లు ఎట్టివి? ఇరుసు పాతదా, క్రొత్తదా? ఇవన్నియు అడిగిన పిమ్మట గాని మీరు జవాబు చెప్పరు. ఆ అంకె ఒక్క బండిలోనే లేదు. బండియు, ఎడ్లును, దారియు కలిసినచోట ఉన్నదని మీకు అనుభవమువలన తెలియును.

అట్టి మీరే విద్యుత్తు తీగ కొనుటకు అంగడికి పోయినపుడు మాత్రము, "ఇది ఎన్ని ఆంపియర్లు మోయును?" అని అడిగి, అంగడివాడు చెప్పిన ఒక్క అంకెను మూటగట్టుకొని ఇంటికి వచ్చెదరు. మిమ్ము ఆక్షేపించుటకు ఈ మాట చెప్పుటలేదు. నేనును ఒకప్పుడు అట్లే చేసితిని. ఈ విద్యను చదువుకొన్నవాడనై యుండియు చేసితిని. దాని ఫలితమేమో కొంచెము సేపటికి మనవి చేసెదను. అంతకు ముందు, తీగకు ఒక పరిమితి యనునది అసలెందుకు వచ్చినదో చూతము.

రాగితీగలో విద్యుత్తు ప్రవహించునపుడు ఎంతో కొంత వేడి పుట్టక తప్పదు. ఆ వేడికి లెక్క కట్టినవాడు జేమ్సు జౌల్ అను ఆంగ్లేయుడు. ఇతడు మాంచెస్టరు నగరమునకు ప్రక్కనున్న సాల్ఫర్డులో బీరు కాచు వారి బిడ్డ. 1840 ప్రాంతమున ఇతడు తేల్చినదేమనగా: తీగలో ప్రవాహము రెట్టింపైనచో వేడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లగును; ప్రవాహము మూడు రెట్లైనచో వేడి తొమ్మిది రెట్లగును. "మోయవలసిన దానికంటె ఇంకొక సగము ఎక్కువ మోసిన నేమగును లెమ్ము" అను మాట బండి విషయములో చెల్లునేమో గాని తీగ విషయములో చెల్లదు. సగము ఎక్కువైన ప్రవాహము రెండుంబావు రెట్ల వేడి పుట్టించును.

అయితే పుట్టిన వేడి ఎంత అనునది సగము కథ మాత్రమే. అది ఎటు పోవును అనునది తక్కిన సగము. తడి ఆరని గడ్డిని వామి వేసినచో ఏమగునో మీకు నేను చెప్పనక్కరలేదు. నాలుగు దినముల తరువాత లోపల చేయి పెట్టిన చుర్రుమనును. ఆ గడ్డినే కళ్లములో పలుచగా పరచినచో అదే తడి, అదే గడ్డి, వేడి మాత్రము నిలువదు, గాలికి పోవును. తీగయు ఇంతే. పుట్టిన వేడి బయటికి పోవుటకు దారి ఉన్నంతవరకు తీగ కొంతమేర వెచ్చబడి అక్కడ ఆగును. దారి లేనిచో ఇంకను వెచ్చబడుచునే యుండును.

ఎంతవరకు వెచ్చబడవచ్చును? రాగి 1080 డిగ్రీలు దాటినగాని కరుగదు. కనుక రాగికి భయము లేదు. భయమంతయు దానికి తొడిగిన చొక్కాకు. నేడు మన ఇండ్లలో వాడు తీగలకు ఎక్కువగా ఉండునది పి.వి.సి. తొడుగు. దీర్ఘకాలము పనిచేయుటకు దాని హద్దు 70 డిగ్రీలు. ఎక్స్.ఎల్.పి.ఇ. అను మరియొక జాతి తొడుగు 90 డిగ్రీలవరకు ఓర్చును. హద్దు దాటినంతమాత్రమున తొడుగు ఆ గడియలోనే కాలిపోవునని అనుకొనరాదు. అట్లు కాలిపోయినచో ఒకందుకు మేలే, వెంటనే తెలిసియుండును. అది మెల్లగా ముదిరి, పెళుసై, బీటలు వారును. పది డిగ్రీలు పెరిగిన కొలది తొడుగు ఆయువు ఇంచుమించు సగమగునని ఇంజనీర్లు వాడుకొను స్థూలమైన లెక్క ఒకటి కలదు. ఇరువదియేండ్లు ఉండవలసిన తీగ అయిదేండ్లకే ముసలిదగును. గోడలోపల ఉన్నదాని ముసలితనము మనకు కనబడదు.

ఈ సంగతి లోకమునకు విద్యుద్దీపములు వచ్చిన తొలినాళ్లలోనే తెలిసివచ్చినది. 1882లో, ఇండ్లకు దీపములు పెట్టుట ఇంకను వింతగా ఉన్న కాలముననే, లండనులో తంతి ఇంజనీర్ల సంఘము ఒక నియమావళిని ప్రకటించెను. దాని పేరులోనే విద్యుద్దీపములవలన కలుగు అగ్నిభయమును నివారించు నియమములని ఉన్నది. దీపము వెలిగించుట ఎట్లో చెప్పు పుస్తకము కాదది. ఇల్లు తగులబడకుండుట ఎట్లో చెప్పు పుస్తకము. అమెరికాలో అట్టిది 1897లో వచ్చినది. నడుమ 1889లో, ఎడిసను ప్రయోగశాలలో పనిచేయుచుండిన కెన్నెలీ అను నతడు తీగలలో విద్యుత్తు నడిపి, అవి ఎంతెంత వేడెక్కుచున్నవో కొలిచి లెక్కలు కట్టెను. నేడు మనము వాడు పట్టికలకు అట్టి ప్రయోగములే మూలము. ఈ కెన్నెలీయే 1902లో, భూమికి పైన ఎత్తున రేడియో తరంగములను తిప్పికొట్టు పొర యొకటి ఆకాశమున ఉండవలెనని ఊహించి చెప్పినవాడు. రాత్రివేళ దూరదేశముల రేడియో కేంద్రములు మీకు వినవచ్చుచున్నవనిన అది ఆ పొర చలువయే. రేడియోలో మాటలాడుచు అతనిని తలపకుండుట న్యాయము కాదని తలచి ఈ మాట చెప్పితిని.

మన దేశమున ఈ విషయమై 1910లో చట్టమును, 1956లో నిబంధనలును వచ్చినవి. ఆ నిబంధనల స్థానమున 2010లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు వచ్చినవి. వానిని 2023లో తిరిగి వ్రాసిరి. తీగ నాణ్యమునకు ఐ.ఎస్. 694, తీగ ఎంత మోయునో చెప్పుటకు ఐ.ఎస్. 3961, ఇంటిలో తీగలు ఎట్లు పరువవలెనో చెప్పుటకు ఐ.ఎస్. 732 అను ప్రమాణములు కలవు. వీనినన్నిటిని కలిపి చెప్పు జాతీయ విద్యుత్ నియమావళి 1985లో మొదట వచ్చి, పిమ్మట 2011లోను 2023లోను సంస్కరింపబడినది. పేర్లు, అంకెలు మీకు జ్ఞాపకముండనక్కరలేదు. ఇవన్నియు ఒకే మాటను చెప్పుచున్నవని తెలిసిన చాలును: పట్టికలోని అంకె, ఆ పట్టిక తలకట్టున వ్రాసిన చోటికి మాత్రమే వర్తించును.

ఆ తలకట్టును చదువకపోవుటయే నేను చేసిన తప్పు.

2014వ సంవత్సరమున మా మేనమామగారు తమ డాబామీద రేకుల కప్పుతో గదులు వేయించిరి. ఎండకు రేకులు కాగునని వాని క్రింద చెక్కపలకలతో లోకప్పు కొట్టించిరి. "తీగల పని నీవు చూడుమురా అబ్బాయీ, బయటివారెందుకు?" అనిరి. నాకును సంతోషమే. రెండు గదులకు రెండు శీతలయంత్రములు, అనగా ఏ.సి.లు, స్నానపు గదికి నీళ్లు కాచు గీజరు. మొత్తము మూడు సర్క్యూటులు. సర్క్యూటు అనగా మీటర్ల పలకనుండి బయలుదేరి, పనిచేసి, మరల అచ్చటికే చేరు తీగల జత. ఏ.సి. ఒక్కొక్కటి 9 ఆంపియర్లు తీసుకొనును. పట్టిక చూచితిని. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగకెదురుగా 24 ఆంపియర్లని ఉన్నది. ఏ.సి. సర్క్యూటులకు 16 ఆంపియర్ల ఎం.సి.బి.లు పెట్టించితిని. ఎం.సి.బి. అనగా ప్రవాహము మితిమీరినపుడు తనంత తాను పడిపోవు మీట. పనికి కావలసినదానికంటె ఎం.సి.బి. పెద్దదిగా ఉండవలెను, ఎం.సి.బి.కంటె తీగ పెద్దదిగా ఉండవలెను. ఇది సర్వదేశములందును చెల్లు సూత్రము. 9, 16, 24. లెక్క ముచ్చటగా కుదిరినది. మూడు సర్క్యూటులను ఒకే గొట్టములో దూర్చి, రేకులకును చెక్కకప్పునకును నడుమ పరిపించితిని. అది దగ్గరి దారి, గొట్టమును కలిసివచ్చినది.

నాలుగేండ్లు ఏ తొందరయు లేదు. 2018 వేసవిలో మా అత్తయ్యగారు మోకాళ్ల నొప్పులచే మెట్లు దిగి ఎక్కలేక, మేడమీదనే గది ప్రక్కన చిన్న వంటతావు ఏర్పరచుకొని, ఒక ఇండక్షను పొయ్యి పెట్టుకొనిరి. గదిలో ఖాళీగా నున్న ప్లగ్గునకే దానిని తగిలించిరి. 2000 వాట్టుల పొయ్యి. 230 వోల్టులచే భాగించిన సుమారు 8.7 ఆంపియర్లు. ఏ.సి. 9, పొయ్యి 8.7, మొత్తము 17.7.

మే నెల, మిట్టమధ్యాహ్నము. పొయ్యిమీద పప్పు ఉడుకుచున్నది. గదిలో ఏ.సి. చల్లదనమునకు మూడేండ్ల మనుమరాలు నిద్రించుచున్నది. అత్తయ్యగారికి ఏదో కమురు వాసన తగిలినది. పప్పు మాడెనేమోనని చూచిరి, మాడలేదు. పైకి చూడగా పలకల సందునుండి సన్నగా పొగ దిగుచున్నది. ఆమె ఏ చదువును చదువలేదు గాని చేయవలసిన పనిని వరుస తప్పక చేసినది. ముందు పిల్లను ఎత్తుకొని క్రిందికి దిగినది. పిమ్మట మెయిను మీట దించినది. ఆ తరువాత కేకలు వేసినది. పలక ఊడదీసి చూడగా, అతుకు పెట్టెకు పైన చెక్క మూరెడు మేర బొగ్గై యున్నది. తీగ తొడుగు కరగి నల్లని జిగురువలె కారినది. ఇంకొక గడియ జరిగియున్నచో రాగి రాగిని తాకి నిప్పులు రాలెడివి. పిల్ల నిద్రలోనుండి లేవనైన లేదు.

నేను పోయి చూచుచుండగా మా మామగారు అడిగినది ఒక్కటే మాట: "ఆ ఎం.సి.బి. ఎందుకు పడలేదురా?"

నాకు వెంటనే జవాబు తోచలేదు. రాత్రి కూర్చుండి లెక్క వేసితిని. ఎం.సి.బి.ల ప్రమాణమునందు ఒక నియమము కలదు. తన అంకెకు 1.13 రెట్లు ప్రవాహము వచ్చినను గంటసేపు అది పడరాదు, 1.45 రెట్లు వచ్చినచో గంటలోపల పడి తీరవలెను. 16ను 1.13చే గుణించిన 18.1. మా ఇంట పారినది 17.7. కనుక ఆ ఎం.సి.బి. తన ధర్మమును తాను తప్పలేదు. అది పడనక్కరలేదు, పడలేదు. తప్పంతయు తీగను 24 అని నమ్మి, దానికి 16ను కాపలా పెట్టిన నాది.

మరి ఆ తీగ నిజముగా ఎంత మోయగలదు? నేను చూచిన పట్టిక అంతర్జాతీయ నియమావళిలోనిది. దాని తలకట్టున మూడు మాటలు ఉన్నవి: గొట్టము గోడమీద ఉండవలెను, చుట్టునున్న గాలి 30 డిగ్రీలు, గొట్టములో సర్క్యూటు ఒక్కటే. 30 డిగ్రీల గాలి మన దేశమున మాఘమాసమున దొరకునేమో! అందుచేతనే మన ఐ.ఎస్. 3961 పట్టికలను 40 డిగ్రీల గాలికి వ్రాసిరి. (ఒక పట్టికలోని అంకెను మరియొక పట్టికలోని తగ్గింపుతో కలిపి లెక్కవేయుట పెద్ద ప్రమాదము, ఈ పొరపాటు చదువుకొన్నవారే ఎక్కువగా చేయుదురు.) రెంటచింతల, రామగుండము వంటి తావులలో వేసవిని నీడలోనే 45 దాటుట కలదు. మరునాటి మధ్యాహ్నము రేకులకును పలకలకును నడుమ ఉష్ణమాపకము నుంచి చూచితిని, 50 దాటినది.

50 డిగ్రీల గాలిలో పి.వి.సి. తీగకు ఆ పట్టిక చెప్పు తగ్గింపు 0.71. కారణము తేలికగానే తెలియును. 30 డిగ్రీల చోట తీగ 70వరకు ఎక్కుటకు 40 మెట్లున్నవి. 50 డిగ్రీల చోట 20 మెట్లు మాత్రమే. ఇక మూడు సర్క్యూటులు ఒక గొట్టములో నున్నచో తగ్గింపు 0.70, ఇదియే మనము చెప్పుకొన్న గడ్డివామి. 24ను 0.71చేతను, మరల 0.70చేతను గుణించిన 11.9 వచ్చును. ఇరువదినాలుగనుకొన్న తీగ అచ్చట పండ్రెండైనది! ఆ వేళ గీజరు సర్క్యూటు ఊరకనే ఉన్నదిగదా అని ఎవరైన అనవచ్చును. మంచిది, దానిని తీసివేసి రెండు సర్క్యూటులకే లెక్కించినను తగ్గింపు 0.80, ఫలితము 13.6. దానిమీద 17.7 నాలుగు వారములపాటు ప్రతి మధ్యాహ్నము పారినది.

దీనిని సరిచేయుటకు రెండు దారులున్నవి. పొయ్యిని, ఏ.సి.ని కలిపి మోయుటకు 20 ఆంపియర్ల ఎం.సి.బి. కావలెను. తీగ ఆ రేకుల క్రిందనే, ఆ గొట్టములోనే ఉండవలెనన్నచో 20ని ఆ రెండు తగ్గింపులచే భాగింపవలెను, 40.2 వచ్చును. పట్టికలో 41 మోయు తీగ 6 చదరపు మిల్లీమీటర్లది. అనగా ఇంచుమించు రెండున్నర రెట్ల రాగి కొనవలెను. ఇది ఒక దారి. రెండవది, తీగను రేకుల క్రిందినుండి దింపి, వేరుగా ఒక గొట్టములో, గది లోపలి గోడమీద, 40 డిగ్రీలు దాటనిచోట పరచుట. అచ్చట తగ్గింపు 0.87 ఒక్కటే, 24ను దానిచే గుణించిన 20.9. ఆ 2.5 తీగయే చాలినది! మేము ఈ రెండవ దారినే పట్టితిమి. క్రొత్త రాగికి పెట్టవలసిన ధనములో కొంత భాగమే గొట్టమునకును కూలికిని సరిపోయినది. కాలిన తీగముక్కను మా మామగారు పారవేయనీయలేదు. తరువాత ఏ పనివాడు తీగల పనికి వచ్చినను దానిని చూపించి, "ఏ గొట్టములో, ఎన్నింటితో, ఎచ్చటినుండి?" అని అడుగుచుందురు. పనివాండ్రు విసుగుకొనుటయు కలదు.

ఇక ఫ్యూజు మాట. పాత ఇండ్లలోను, మోటారు షెడ్లలోను ఇప్పటికిని పోగు కట్టు ఫ్యూజులే ఉన్నవి. ఫ్యూజు అనగా కావలెనని పెట్టుకొన్న బలహీనమైన అతుకు. ఇల్లు కాలుటకు ముందు అది కాలవలెను. కళాయి పూసిన రాగిపోగు 0.2 మిల్లీమీటర్లది 5 ఆంపియర్ల ఫ్యూజునకును, 0.5 మిల్లీమీటర్లది 15 ఆంపియర్ల ఫ్యూజునకును వాడుదురు. ఎంత లావు పోగు ఎంత ప్రవాహమునకు కరగునో 1880 తరువాతి సంవత్సరములలో విలియం ప్రీస్ అను బ్రిటిషు తంతి తపాలా ఇంజనీరు ప్రయోగించి చూచి ఒక సూత్రము కనిపెట్టెను. (ఇతడును రేడియోకు బంధువే, మార్కోని ఇంగ్లాండునకు వచ్చినపుడు అతనికి చేయూత నిచ్చినది ఈ ప్రీస్.) ఆ సూత్రము ప్రకారము 1 మిల్లీమీటరు లావుగల రాగిపోగు కరగుటకు సుమారు 80 ఆంపియర్లు కావలెను.

ఇప్పుడు మన ఊళ్లలో జరుగుచున్న దేమి? ఫ్యూజు రెండుసార్లు పోయినచో విసుగు పుట్టి, చేతికి దొరకిన తీగముక్కనుండి ఒక లావు పోగు లాగి బిగింతురు. "ఇక పోదు" అని సంతోషింతురు. నిజమే, అది పోదు. 24 ఆంపియర్ల తీగమీద 80 ఆంపియర్లు పారువరకు అది ఊరకుండును. మూడు రెట్లకు పైబడిన ప్రవాహము, పదునొకండు రెట్ల వేడి. అప్పుడు ఫ్యూజుగా పనిచేయునది గోడలోని తీగయే. పోగు సరియైనదే కట్టినను, ఇట్టి ఫ్యూజు తన అంకెకు ఇంచుమించు రెట్టింపు వచ్చువరకు కరుగదు. కనుకనే దాని వెనుకనున్న తీగ పరిమితిని 0.725చే గుణించి తగ్గింపవలెనని బ్రిటిషు నియమావళి చెప్పుచున్నది. 24 అన్నది ఈ లెక్కను 17.4 అగును.

నేలకు కారు విద్యుత్తును కనిపెట్టు ఆర్.సి.సి.బి. అను యంత్రమును ఈ మధ్య చాలమంది పెట్టించుకొనుచున్నారు. చాల మంచిది, మనిషి ప్రాణమును కాపాడును. కాని తీగపై బరువెక్కువైనదా యని అది చూడదు. దానిని పెట్టితిమి గనుక ఎం.సి.బి. అక్కరలేదనుట, కుక్కను పెంచితిమి గనుక తలుపు అక్కరలేదనుటవంటిది.

మన పనివాండ్రు కొందరు తీగలను ఇంకను పాత కొలతలతో పిలుచుచుందురు: మూడు బై ఇరువది, ఏడు బై ఇరువది అని. మొదటి అంకె పోగుల సంఖ్య. రెండవది ఒక్కొక్క పోగు గేజి; ఈ అంకె పెరిగిన కొలది పోగు సన్నమగును. మూడు బై ఇరువది అనగా ఇంచుమించు 2 చదరపు మిల్లీమీటర్లు. ఏడు బై ఇరువది అనగా సుమారు 4.6. పనివాడు "మూడు బై ఇరువది" అన్నపుడు అంగడివాడు 2.5 ఇచ్చునో, 1.5 ఇచ్చునో చెప్పలేము. కనుక చదరపు మిల్లీమీటర్లలోనే అడుగుడు; తొడుగుమీద అచ్చువేసిన అంకెను మీ కన్నులతో చూచి కొనుడు. అల్యూమినియపు తీగయైనచో అదే లావునకు రాగి మోయుదానిలో ఇంచుమించు మూడువంతులకు కొంచెము పైగా మాత్రమే మోయును. దానిని రాగితో మెలిపెట్టి అతుకుట బొత్తిగా పనికిరాదు. అతుకు తుప్పుపట్టి, వదులై, వేడెక్కును.

మీలో చాలమందికి ఇంటికంటె బోరు ముఖ్యము. దానికి వచ్చెదను. నీటిలో మునిగియుండు మోటారునకు పోవు కేబులు విషయములో న్యాయము కొంచెము మారును. నీటిలోనున్న భాగమునకు వేడి భయము తక్కువ. నీరు వేడిని ఎప్పటికప్పుడు లాగివేయును. అచ్చట చూడవలసినది దూరము. 5 అశ్వశక్తుల మూడు ఫేజుల మోటారు 415 వోల్టుల యొద్ద సుమారు 7.5 ఆంపియర్లు తీసుకొనును. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగికేబులునకు అది చులకన. కాని బోరు వేయి అడుగులు, అనగా 300 మీటర్ల లోతైనచో, ఆ కేబులులోనే సుమారు 30 వోల్టులు హరించిపోవును. నూటికి 7. ఇట్టి పనులకు నూటికి 5 మించరాదని అంతర్జాతీయ నియమావళి సలహా. 4 చదరపు మిల్లీమీటర్ల కేబులు వేసినచో నష్టము 19 వోల్టులకు దిగును, హద్దులో ఉండును. అసలే మన ఊరి లైనులో వోల్టేజి తక్కువ. పైనుండి వచ్చునదే 350 అయి, కేబులు మరికొంత మ్రింగినచో, మోటారు అదే నీటిని ఎత్తుటకు ఇంకను ఎక్కువ ఆంపియర్లు లాగుకొనును, 7.5 కాస్తా 9 అగును. ప్రవాహము పెరిగిన కేబులు మ్రింగునదియు పెరుగును. ఇట్లు ఒకదానినొకటి పెంచుకొనుచు పోయి తుదకు మోటారు చుట్టలు కాలును. కాలిన ప్రతిసారి మనము మోటారును తిట్టి, చుట్టలు కట్టించి, ఆ కేబులుతోనే మరల దింపుదుము.

బోరువద్ద ఇంకొక అలవాటు చూచుచున్నాను. మోటారు పైకి లాగినపుడు కావలసివచ్చునని కేబులును ఇరువది ముప్పది మీటర్లు ఎక్కువగా కొందురు. కొనవలసినదే. అయితే ఆ మిగిలినదానిని బిగువుగా చుట్టచుట్టి స్టార్టరు పెట్టె వెనుక, ఎండలో, మేకునకు తగిలింతురు. చుట్టలోపలి వరుసల వేడికి బయటికి దారి లేదు. వామి మధ్యనున్న గడ్డి గతియే వానికిని. నీటిలో ఎంతో మోయగల ఆ కేబులే ఈ చుట్టలో అందులో సగమైన మోయలేకపోవచ్చును. చుట్టను విప్పి, షెడ్డు నీడలో, గోడవెంట వదులుగా, వరుసకు వరుసకు సందు ఉండునట్లు వ్రేలాడదీయుడు. పెండ్లిపందిళ్లకు దీపముల తీగ లాగునపుడును ఇదే మాట. సగము విప్పి సగము చుట్టలోనే ఉంచి రాత్రియంతయు దీపములు వెలిగించుట నేను పలుచోట్ల చూచితిని. పందిరి పైకప్పు తాటాకు; క్రింద చుట్టపక్కములు.

ఈ చుట్టలను విప్పుటకు ఇంజనీరు రానక్కరలేదు, పైసా ఖర్చును లేదు. రేపు ఉదయము మోటారు వేయుటకు ముందు చేయదగిన పని. నాకిచ్చిన వ్యవధి ముగిసినది. సెలవు.